తమ్ముడి బాధ్యత మీ ఒక్కరి మీదే ఎందుకు?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో చిన్న ఊరు. నాకు 27 ఏళ్ళు, ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. తమ్ముడికి 22. పుట్టగానే ఏడవలేదట. బుద్ధిమాంద్యం అన్నారు, వైకల్యం ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ కూడా ఉంది. చీటీ రాసిస్తే కొట్టుకెళ్ళి సరుకులు తెస్తాడు, తన బట్టలు తనే మడతపెట్టుకుంటాడు. డబ్బు లెక్క మాత్రం రాదు. నాకు సంబంధాలు చూస్తున్నారు. పెళ్ళిచూపుల రోజు వాణ్ణి పిన్ని వాళ్ళింటికి పంపేస్తారు. పోయినసారి కొత్త చొక్కా వేసుకుని తయారై, నేనెందుకు వెళ్ళాలంటూ గుమ్మంలో కూర్చుండిపోయాడు. నాన్న ప్రభుత్వ టీచర్, వచ్చే ఏడాది రిటైరవుతారు. 'మా తర్వాత వాడి బాధ్యత నీదే, ఇల్లు నీ పేర రాస్తాను' అంటారు. ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల సంఘం వాళ్ళు మీటింగ్‌కి రమ్మంటే, మనింటి గుట్టు పదిమందిలో ఎందుకన్నారు. తమ్ముడంటే నాకు ప్రాణం. కానీ ముందు సంగతి తలుచుకుంటే రాత్రిళ్ళు నిద్ర పట్టదు.

జవాబు: తమ్ముడంటే ప్రాణమనీ రాశారు, నిద్ర పట్టడం లేదనీ రాశారు. రెండూ నిజమే. రెండోది బయటికి చెప్పినంత మాత్రాన మీకు ప్రేమ తక్కువైనట్టు కాదు. ఇలాంటి ఇళ్ళల్లో తోబుట్టువును ఎవరూ 'నీ ఉద్దేశం ఏమిటి' అని అడగరు. చిన్నప్పుడే బాధ్యత అప్పగించేస్తారు. మీరిప్పుడు అడుగుతున్నారు, అడగాల్సిందే.

నాన్నగారి మీద నాకు కోపం లేదు. మీ పెళ్ళి ఆగిపోతుందేమో, వాణ్ణి నలుగురూ ఎగతాళి చేస్తారేమో అన్న భయంతో ఇరవై రెండేళ్ళుగా ఇల్లు మూసుకుని నెట్టుకొచ్చారు. కానీ గుట్టుగా ఉంచినన్నాళ్ళూ సాయం చేయగలిగేవాళ్ళు కూడా బయటే ఉండిపోయారు. చివరికి భారమంతా మీ ఒక్కరి మీదికి వచ్చింది. అందుకే మీ టెన్షన్‌కి నేను చెప్పే మొదటి మందు ఆ సంఘం మీటింగే. నాన్న రాకపోతే అమ్మను తీసుకుని మీరే వెళ్ళండి.

అలాంటి సంఘాల బలం ఏమిటో చెబుతాను. బెంగళూరు కేంద్రంగా 'పరివార్' అనే జాతీయ సమాఖ్య ఉంది. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు దేశంలో ఎక్కడికక్కడ పెట్టుకున్న సంఘాలన్నీ 1995లో దాని కింద ఒకటయ్యాయి. వాళ్ళందరినీ కలిపింది మీ నాన్నగారి బెంగే, 'మేం పోయాక వీడి గతేంటి' అని. ఇలాంటి వైకల్యాలు ఉన్నవాళ్ళ సంక్షేమం కోసం నేషనల్ ట్రస్ట్ చట్టం 1999లో వచ్చిందంటే దాని వెనక ఇలాంటి తల్లిదండ్రుల పట్టుదల ఉంది. జనాభా లెక్కల సంగతీ అంతే. 2001 లెక్కల్లో వైకల్యం గురించి ప్రశ్న చేర్చాలని ఢిల్లీలో వికలాంగుల హక్కుల కార్యకర్త జావేద్ ఆబిది లాంటివాళ్ళు గట్టిగా పట్టుబట్టాల్సి వచ్చింది. ఎన్యూమరేటరు ఇంటికొచ్చి అడిగితే ఎన్ని ఇళ్ళు మీ ఇంటిలాగే వెనక గది తలుపు వేసి ఉంటాయో అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక ఆ నేషనల్ ట్రస్ట్ చట్టం మీకెలా పనికొస్తుందో చూడండి. 18 నిండాక కన్న తల్లిదండ్రులు కూడా చట్టం దృష్టిలో వాళ్ళంతటవాళ్ళే గార్డియన్లు అయిపోరు. బ్యాంకులోనో రిజిస్ట్రేషన్ ఆఫీసులోనో పని పడ్డప్పుడే చాలామందికి ఈ సంగతి తెలుస్తుంది. మీ తమ్ముడికి నాలుగేళ్ళ కిందటే 18 దాటాయి. ఇలాంటివాళ్ళకు గార్డియన్‌ను నియమించడానికి జిల్లాలో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది. కలెక్టరు, రిజిస్టరైన ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి అందులో సభ్యులు. అమ్మానాన్నలు ఇప్పుడే అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. వాళ్ళ తర్వాత మీరో, దగ్గరి బంధువో పెట్టుకోవచ్చు. గార్డియన్ అయినవాళ్ళు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. వాణ్ణి సరిగ్గా చూడకపోయినా, సొమ్ము వాడుకున్నా తొలగించే వీలుంది. అంటే రేపు ఆ బాధ్యత ఎవరు తీసుకున్నా అడిగేవాళ్ళు ఒకరుంటారు. నాన్నగారికి ధైర్యం ఇవ్వాల్సింది ఈ మాటతోనే.

ఒక జాగ్రత్త. గార్డియన్‌షిప్ పేరుతో వాడి బతుకంతా ఇంకొకరి చేతిలో పెట్టేయకండి. ఏయే విషయాల్లో సాయం అవసరమో కమిటీ కూడా చూస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్పేది కూడా పరిమిత గార్డియన్‌షిప్ గురించే, అదీ వాళ్ళతో మాట్లాడుకుంటూ కలిసి నిర్ణయాలు తీసుకోవాలని. డబ్బు లెక్క తెలియకపోవచ్చు. ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో, ఏ పని చేయాలో మీ తమ్ముడికి తెలుసు. గుమ్మంలో కూర్చుని అడిగాడంటే అర్థం కాక కాదు, అర్థమయ్యే అడిగాడు. వాడి గురించి మీ ఇంట్లో జరిగే ప్రతి మాటలో వాణ్ణి కూర్చోబెట్టండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ నీపిడ్ ఉంది. ఒకసారి తీసుకెళ్తే ఏ పని నేర్పొచ్చో అక్కడ చూసి చెబుతారు. సరుకులు తెచ్చే కుర్రాడు ఇంకా చాలా చేయగలడు.

ఇల్లు మీ పేర రాస్తానన్న మాటకు మాత్రం ఒప్పుకోకండి. అది మీకూ మంచిది కాదు, వాడికీ కాదు. రేపు మీ అత్తింట్లో ఎవరైనా 'ఇల్లు తీసుకున్నావు కదా' అంటే మీ ప్రేమకు వెల కట్టినట్టవుతుంది. మీకేమైనా అయితే వాడికి నిలువ నీడ ఉండదు. వాడి వాటా వాడి కోసమే ఒక ప్రైవేటు ట్రస్టుగా రాయించి, ట్రస్టీల్లో మీతోపాటు బయటివాళ్ళు ఒకరైనా ఉండేలా చూడమనండి. మంచి లాయరు దగ్గర కూర్చుంటే అయ్యే పనే. ఆ చట్టం కింద ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా కూడా కట్టించండి. వయసుతో పని లేదు, ముందు పరీక్షలు అడగరు, వైద్యానికీ థెరపీకీ కలిపి ఏడాదికి లక్ష వరకు ఇస్తారు.

పెళ్ళి విషయానికి వస్తే, అబ్బాయి ఇంటికి రాకముందే ఫోన్లో చెప్పించండి: మాకొక తమ్ముడున్నాడు, ఇదీ సంగతి. వినగానే వెనక్కి పోయేవాళ్ళు పోనివ్వండి, పెళ్ళయ్యాక తెలిసి నిలదీసేదాని కంటే అది నయం. అబ్బాయితో మీరు విడిగా మాట్లాడండి. 'నా జీతంలో కొంత వాడికి పోతుంది, అప్పుడప్పుడు వచ్చి మా ఇంట్లో ఉంటాడు' అని ముందే తేటగా అనేయండి. పైకి అడగకపోయినా రేపు పుట్టే పిల్లలకు కూడా వస్తుందేమో అన్న అనుమానం వాళ్ళకు ఉంటుంది, బహుశా మీకూ ఉండే ఉంటుంది. పుట్టినప్పుడు ఆక్సిజన్ అందకపోవడమే కారణమైతే అది వంశపారంపర్యం కాదు. అయితే పెద్దవాళ్ళ జ్ఞాపకం మీద నమ్మకం పెట్టుకోకుండా పాత కాగితాలన్నీ తీసుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని జెనెటిక్స్ డాక్టర్ని కలవండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది.

వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. నాన్నగారికి సర్వీసు ఏడాదే ఉందన్నారు. సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకు ఉద్యోగి, ఆయన భార్య తర్వాత జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ అందే నిబంధన ఉంది. పెన్షన్ కాగితాల్లో తమ్ముడి పేరు, వైకల్యం వివరాలు, సర్టిఫికెట్ అన్నీ ఇప్పుడే చేరాలి. ఆయన బతికుండగా ఇది చేయకపోతే తర్వాత మీరు ఆఫీసుల చుట్టూ తిరగాలి. గుట్టు, పరువు అన్న మాటలు పక్కనబెట్టి, ఈ ఒక్క పని గురించి మాత్రమే ఈ వారం ఆయనతో మాట్లాడండి. సంఘంలో ఈ కాగితాలు ఇప్పటికే పెట్టుకున్న రిటైర్డ్ టీచరు ఎవరైనా ఉన్నారేమో కనుక్కుని, వీలైతే ఆయన్నే మీ ఇంటికి పిలవండి.