గిగాబిట్ నెట్‌కి అమెరికా నుంచి ఏ కేబుల్ మోడెమ్ తెప్పించుకోవాలి?

బరంపురంలో గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) ప్లాన్ తీసుకోబోతున్నామనీ, సెలవులకు వచ్చే తమ్ముణ్ణి అమెరికా నుంచి ఏ కేబుల్ మోడెమ్ తెమ్మంటే మంచిదనీ అడిగారు. ఏదీ తేవద్దని చెప్పండి. ఇక్కడి లైనుకి అది పనికిరాదు.

డాక్సిస్ 3.1 మోడెమ్ కావాలని మీ తమ్ముడు చెప్పింది అక్కడికి తప్పు కాదు. అక్కడ చాలా ఇళ్ళకు నెట్ టీవీ కేబుల్ తీగలోనే వస్తుంది. ఆ తీగలో డాటా నడిపే పద్ధతి పేరు డాక్సిస్. కంపెనీ ఆఫీసులో దానికి తగిన యంత్రం ఉంటేనే ఇంట్లో మోడెమ్ పనిచేస్తుంది. మన దేశంలోనూ కొన్ని పెద్ద నగరాల్లో కేబుల్ వాళ్ళు ఆ పద్ధతిలో ఇచ్చారు గానీ, మన దగ్గర గిగాబిట్ అని అమ్మేది ఫైబర్ మీద.

తికమక ఎక్కడ వస్తుందంటే, చాలా వీధుల్లో ఆ ఫైబర్ లాగేది కూడా కేబుల్ టీవీ ఆయనే. ఒకే ఫైబర్‌లో నెట్‌కి 1490, 1310 నానోమీటర్ల కాంతి, టీవీకి 1550 నానోమీటర్ల కాంతి పంపించవచ్చు. అలాంటి చోట ఇంట్లో పెట్టే నెట్ డబ్బా వెనక నుంచి సెట్‌టాప్ బాక్సుకి మామూలు కేబుల్ తీగ వెళ్తుంది. దాన్ని చూసి మనది కేబుల్ ఇంటర్నెట్ అనుకుంటారు. మీరు చూడవలసింది బయటి నుంచి డబ్బాలోకి వచ్చే తీగని. సన్నగా ఉండి, కొసన ఆకుపచ్చ లేదా నీలం ప్లాస్టిక్ పిన్ను ఉంటే ఫైబర్. దానికి కావలసింది ఓఎన్‌టీ, అంటే ఫైబర్‌లో వచ్చే కాంతిని నెట్‌గా మార్చే డబ్బా (లైన్‌మ్యాన్లు ఓఎన్‌యూ అని కూడా అంటారు). కొన్ని అపార్ట్‌మెంట్లలో కింద స్విచ్ పెట్టి పైకి లాన్ వైరు లాగుతారు. అప్పుడు రౌటర్ ఒక్కటి చాలు.

ఓఎన్‌టీ మీరు కొనకండి, కంపెనీ ఇచ్చేదే తీసుకోండి. ఫైబర్‌లో నెట్ ఇచ్చే పాన్ పద్ధతుల్లో జీపాన్, ఈపాన్ అని రెండున్నాయి. ఒకదానికే చేసిన డబ్బా రెండోదానికి పనిచేయదు. పైగా డబ్బా వివరాలు వాళ్ళ వైపు నమోదైతేనే లైన్ ఎత్తుకుంటుంది. అయితే ఏ డబ్బా బిగిస్తున్నారో మాత్రం దగ్గరుండి చూసుకోండి. మా ఇంట్లో ప్లాన్ పెంచుకున్నాక కూడా, ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి చూస్తే స్పీడు 94 ఎంబీపీఎస్ దగ్గరే ఆగేది. ఫోన్ చేస్తే "సర్వర్ బిజీ సార్" అనేవారు. 94 అంకె కనిపిస్తే సర్వర్ మాట నమ్మకండి. ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టు అడ్డుపడితే వచ్చే అంకె అది. మా డబ్బాకి ఉన్నవన్నీ ఆ పోర్టులే. గిగాబిట్ పోర్టున్న డబ్బా పెట్టించాక కింద బాగైంది, మేడ మీద మళ్ళీ 94! అక్కడి గోడలో వైరుకి ఎనిమిది పోగులుంటే నాలుగే పిన్నులో బిగించి ఉన్నాయి. ఎనిమిదీ కలిస్తేనే గిగాబిట్. మా లైన్‌మ్యాన్ ఒడియా అబ్బాయి, తెలుగు మనకంటే గడగడా మాట్లాడతాడు. పోగులు లెక్కపెట్టి చెప్పింది అతనే. ఆఫీసు వాళ్ళకంటే అతని నంబర్ దగ్గర పెట్టుకోవడం నయం.

అన్నీ సరిగ్గా ఉన్నా వైరు మీద 940 దాటదు. మిగతాది డాటా ముక్కలకి తగిలించే చిరునామాల వంటివాటికి పోతుంది, దానికోసం పోట్లాట అనవసరం. బిగించిన రోజే డబ్బా సెట్టింగ్స్‌లో ఆర్‌ఎక్స్ పవర్ (డబ్బాకి అందే కాంతి బలం) ఎంతో చూపించమనండి. జీపాన్ అయితే మైనస్ 20 డీబీఎం అటూఇటూ ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరికి వెళ్ళిందంటే ఫైబర్ ఎక్కడో మరీ వంచారు, లేదా జాయింట్ సరిగా పడలేదు. అతుకు మళ్ళీ వేయించండి.

డబ్బులు పెట్టవలసింది రౌటర్ మీద. వైఫై 6 ఉండాలి, పోర్టులన్నీ గిగాబిట్‌వి అయి ఉండాలి. ఇక్కడే కొనండి, పాడైతే వారంటీ ఇక్కడే దొరుకుతుంది. ఫోన్లో వెయ్యి రాలేదని మాత్రం దిగులు పడకండి. గోడ అవతల 300 వచ్చినా ఇంటికి ఎక్కువే. నన్నడిగితే, నలుగురున్న ఇంటికి గిగాబిట్ ప్లానే ఎక్కువ. రోజూ పెద్ద ఫైళ్ళు పంపే పని ఉంటే తప్ప 300 ప్లాన్ తీసుకుని, మిగిలిన డబ్బుతో మేడ మీదికి ఇంకో రౌటర్ పెట్టుకుంటాను.

ఓఎన్‌టీకీ రౌటర్‌కీ కలిపి ఒక మినీ యూపీఎస్ కూడా కొనండి. 2013లో ఫైలిన్ తుఫాను మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, కరెంటు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కేబుల్ తీగకి దారిలో యాంప్లిఫయర్లుంటాయి, వాటికి కరెంటు కావాలి. పాన్ ఫైబర్‌కి దారిలో ఉండే స్ప్లిటర్లకి (ఒక ఫైబర్‌ని చాలా ఇళ్ళకి పంచేవి) అక్కర్లేదు. స్తంభం మీద తీగ తెగకుండా, కంపెనీ వైపు బ్యాకప్ ఉంటే, వీధంతా చీకటైనా మీ నెట్ నడుస్తుంది. కొనేముందు రెండు అడాప్టర్ల మీద ఓల్టులు, ఆంపియర్లు చూసుకోండి.

మీ తమ్ముడు అక్కడ తన ఇంటికి కొనుక్కుంటే మాత్రం డాక్సిస్ 3.1 సరైన మాటే. మా అమ్మాయి వాళ్ళకి టెక్సస్‌లో అదే కొనిపించాను, నెలనెలా మోడెమ్ అద్దె తప్పింది. పాత 3.0 రకంలో ఒక్కో ఛానెల్‌కి (టీవీ ఛానెల్ కాదు, డాటా నడిచే దారి) దాదాపు 38 ఎంబీపీఎస్ వస్తుంది. 32 ఛానెళ్ళ మోడెమ్‌కి కాగితం మీద గిగాబిట్ దాటుతుంది గానీ, కంపెనీ అన్ని ఛానెళ్ళూ ఇవ్వాలి కదా. సెకండ్‌హ్యాండ్‌లో ఇంటెల్ ప్యూమా 6 చిప్ ఉన్నవి చవగ్గా దొరుకుతాయి, గేమ్స్ ఆడుతుంటే ఆగి ఆగి వస్తుందని వాటిమీద అక్కడ కోర్టు కేసులే పడ్డాయి. వద్దనండి. గిగాబిట్‌కి మించిన ప్లాన్ అయితే 2.5 గిగాబిట్ పోర్టున్నది చూసుకోవాలి. అన్నిటికంటే ముందు తన కంపెనీ ఆమోదించిన మోడెమ్‌ల జాబితాలో ఆ మోడల్ ఉందో లేదో చూడమనండి.