గ్రీసు దీవుల బీచ్‌లు: పెద్దవాళ్లు, చిన్నపిల్లతో వెళ్తే ఏ దీవిలో ఉండాలి?

మీరు అడిగింది ఇదీ: సెప్టెంబరులో పది రోజులు, వెంట అమ్మానాన్న, ఆరేళ్ల పాప. శాంటోరిని, మైకొనోస్, క్రీట్, జకింథోస్ నాలుగూ తిరిగి మంచి బీచ్‌లు చూడాలి, ఎలా ప్లాన్ చేసుకోవాలి అని. నేనైతే నాక్సోస్ దీవిలో ఆరు రాత్రులు, శాంటోరినిలో రెండు రాత్రులు ఉండి, మిగతావి ఇంకోసారికి వదిలేస్తాను. మీ జాబితాలో నాక్సోస్ లేదని తెలుసు. నేను మా అమ్మానాన్నలను సెప్టెంబరులోనే తీసుకెళ్లాను, ఆ అనుభవంతోనే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మ్యాపులో ఈ దీవులన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. కానీ జకింథోస్ గ్రీసుకు పడమటి వైపు, అయోనియన్ సముద్రంలో ఉంది. మిగతా మూడిటి నుంచి అక్కడికి నేరుగా ఫెర్రీ లేదు, మళ్లీ ఏథెన్స్ మీదుగా తిరిగి పోవాలి. పైగా అందరూ ఫొటోల్లో చూసి మోజుపడే నవాజియో బీచ్, అదే 1980లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ ఉన్న చోటు, కొండచరియలు విరిగిపడుతుండటంతో కొన్నేళ్లుగా అక్కడ ఎవరినీ దిగనివ్వడం లేదు. పడవలోంచో కొండ మీంచో చూసి రావాల్సిందే. జకింథోస్‌కి వెళ్లాలంటే లగానాస్ అఖాతంలోని తాబేళ్ల కోసం వెళ్లండి. మన విశాఖ ఒడ్డున ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టినట్టే అక్కడ లాగర్‌హెడ్ తాబేళ్లు పెడతాయి. 1999 నుంచి అది సముద్ర జాతీయ పార్కు, గుడ్లు పెట్టే ఒడ్లకు చీకటి పడ్డాక ఎవరినీ రానివ్వరు. అదొక్కటే ఓ యాత్రకు సరిపోతుంది.

క్రీట్ అయితే అసలు దీవి అనిపించదు, ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 260 కిలోమీటర్లు. గులాబీ ఛాయ ఇసుక ఉండే ఎలాఫోనిసి బీచ్ చూడాలంటే చానియా ఊరి నుంచే గంటన్నర కొండదారి. బాలోస్ అనే ఇంకో బీచ్‌కి కారులో వెళ్తే మట్టిరోడ్డు, ఆ తర్వాత కిందికి దిగి మళ్లీ ఎక్కే నడక. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ ఎక్కడం చాలా కష్టం. మైకొనోస్‌లో బీచ్‌లు బాగానే ఉంటాయి గానీ, పాటల హోరు, కుర్చీల అద్దెలు చూస్తే మీ కుటుంబానికి తగిన చోటు కాదు.

ఇక నాక్సోస్. ఫెర్రీ దిగేది హోరా అనే ఊళ్లో. రేవులోకి వస్తుండగానే, పూర్తికాని అపోలో గుడి తాలూకు పాలరాతి ద్వారం ఎదురొస్తుంది. ఊరిని ఆనుకునే అయియోస్ యోర్యోస్ బీచ్, నడిచి వెళ్లొచ్చు. చాలా దూరం వరకు మోకాలి లోతే, పాపకు ఇంతకన్నా మంచిది దొరకదు. దాని తర్వాత దక్షిణంగా వరసగా అయియోస్ ప్రోకోపియోస్, అయియా అన్నా, ప్లాకా. ఊళ్లోంచి బస్సులుంటాయి. ప్రోకోపియోస్ నీళ్లు అద్దంలా ఉంటాయి, కానీ ఒడ్డు నుంచి త్వరగా లోతొచ్చేస్తుంది, పాప చెయ్యి వదలొద్దు. ప్లాకా కిలోమీటర్ల పొడవు, జనం పల్చన. చివరికి నడిచేకొద్దీ అక్కడక్కడా బట్టల్లేకుండా ఎండ కాచుకునేవాళ్లు కనిపిస్తారు. పెద్దవాళ్లు వెంట ఉంటారు కాబట్టి ముందే చెప్తున్నాను.

మేం గది తీసుకున్నది అయియా అన్నాలో. అక్కడ ఒడ్డున టామరిస్క్ చెట్లుంటాయి. సన్నటి ఆకు, పట్టుకుంటే వేళ్లకు ఉప్పు అంటుతుంది, వేర్లు తాగిన ఉప్పును ఆ చెట్టు ఆకుల్లోంచి బయటికి పంపేస్తుంది. ఆ నీడలో దుప్పటి పరుచుకుంటే అద్దె గొడుగుతో పనే లేదు. గ్రీసులో ఏ బీచూ హోటల్ సొంతం కాదు, అన్నీ ప్రజలవే. 2023లో పారోస్ దీవి జనం తువాళ్లు పట్టుకుని ఒడ్డు మీదికొచ్చి, కుర్చీల ఆక్రమణపై నిరసన తెలిపారు. 2024లో చట్టం వచ్చింది: అద్దెకిచ్చే బీచ్‌లో కనీసం సగం ఖాళీగా వదలాలి, నీటి అంచుకు నాలుగు మీటర్ల లోపల కుర్చీ వేయకూడదు. ఆ హక్కు మీకూ ఉంది, మొహమాటం లేకుండా కూర్చోండి.

మాది విశాఖ. సముద్రం పక్కనే పుట్టి పెరిగినా మా నాన్న ఏనాడూ నడుం లోతు నీళ్లలోకి వెళ్లలేదు. ఆర్కే బీచ్‌లో కెరటం లోపలికి లాగేస్తుందన్న భయం మా అందరికీ ఉన్నదే. అయియా అన్నాలో గాలి లేని పొద్దున పూట అలే ఉండదు, ఆటుపోట్లు కూడా నామమాత్రం. నాన్న ఛాతీ లోతులో నిలబడి, కిందికి చూస్తే తన కాలివేళ్లు కనిపిస్తున్నాయని అమ్మను పిలిచి చూపించారు. అమ్మ పంజాబీ డ్రెస్సుతోనే దిగింది, ఎవరూ తేరిపార చూడలేదు. ఆ తర్వాత రోజూ టిఫిను కన్నా ముందు సముద్రమే. రోజుకో దీవి మారితే ఇలాంటి పొద్దులు దక్కవు, నా పట్టుదలంతా అందుకే.

సెప్టెంబరే ఎందుకంటే, వేసవంతా కాగిన నీళ్లు అప్పటికీ వెచ్చగానే ఉంటాయి. మే నెలలో ఎండ బాగున్నా నీళ్లు జిల్లుమంటాయి. జులై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి నాక్సోస్, శాంటోరిని ఉన్న ఏజియన్ సముద్రాన్ని ఊపేస్తుంది, ఇసుక మొహాన కొడుతుంది. సెప్టెంబరుకు కాస్త నెమ్మదిస్తుంది గానీ పూర్తిగా పోదు. గాలి ముదిరితే కోస్టుగార్డు ఫెర్రీలను ఆపేస్తుంది, వేగంగా వెళ్లే చిన్నవి ముందు ఆగుతాయి. అందుకే ఏథెన్స్ దగ్గరి పిరేయస్ రేవు నుంచి పెద్ద ఫెర్రీయే ఎక్కండి. నాక్సోస్‌కి అయిదు గంటల పైచిలుకు పడుతుంది, కానీ కుదుపు తక్కువ, డెక్కు మీద తిరగొచ్చు. విమానాశ్రయం నుంచి పిరేయస్‌కి మెట్రో ఉంది.

శాంటోరినికి కొండ అంచు దృశ్యం కోసం వెళ్లండి, బీచ్ కోసం కాదు. పెరిస్సా, కమారి నల్ల ఇసుక బీచ్‌లే, మధ్యాహ్నం అరికాళ్లు కాలిపోతాయి, చెప్పుల్లేకుండా పాపను వదలకండి. రెడ్ బీచ్ దగ్గర రాళ్లు పడతాయన్న హెచ్చరిక బోర్డు ఉంటుంది, దాన్ని దాటి వెళ్లొద్దు. గది పెరిస్సాలో తీసుకుంటే కొండ అంచు ఊళ్లలోని మెట్ల బాధ ఉండదు.

తిండికి బెంగ వద్దు. ఫావా అని ఒకటి అడగండి. పసుపుపచ్చ పప్పు మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె పోసి, పచ్చి ఉల్లిపాయ వేసి ఇస్తారు, అచ్చం మన ముద్దపప్పే. బియ్యం కూరిన టమాటాలు గెమిస్తా, పాలకూర కూరి కాల్చిన ‘పై’ (pie), నాక్సోస్ బంగాళాదుంప వేపుడు దొరుకుతాయి. గెమిస్తాలో మాంసం కలుపుతారేమో అడిగి తీసుకోండి. ఇంటి నుంచి ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్లండి గానీ నెయ్యి సీసా, పాలకోవా వద్దు. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తీసుకెళ్లనివ్వరు.

గ్రీసుకు కావాల్సింది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా. దానికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరు నిండిన పిల్లలకు 45. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. కారు అద్దెకు తీసుకోవాలనుకుంటే ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, మన లైసెన్సు ఒక్కటీ చాలదు. విమానం టికెట్లు తీసేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఆఖరి రాత్రి ఏథెన్స్‌లో ఉండేలా చూసుకోండి. శాంటోరిని ఫెర్రీ ఒక రోజు ఆగినా ఇంటికొచ్చే విమానం చేజారదు.