అంతరాయం వేరు, ఆటంకం వేరు

ప్రశ్న: అంతరాయం అన్నా ఆటంకం అన్నా ఒకటే కదా, మరి కరెంటు పోతే ‘సరఫరాలో అంతరాయం’ అనే ఎందుకంటారు? ఇంకో సంగతి, ఆఫీసు నోటీసులో ‘నిరాంతరాయంగా’ అని రాస్తే మా పైఅధికారి దీర్ఘం కొట్టేశారు. ఎవరిది కరెక్టు?

జవాబు: మీ పైఅధికారిదేనండీ, ఏమనుకోకండి. నిర్, అంతరాయం కలిస్తే నిరంతరాయం. ‘నిరాటంకం’లో దీర్ఘం ఉందంటే ఆటంకంలో మొదటి అక్షరమే దీర్ఘం కాబట్టి. అది చెవిలో ఉండిపోయి దీనికీ తగిలించేస్తుంటాం, పేపర్లలో కూడా కనిపిస్తుంది ఈ తప్పు.

ఇక అసలు మాట. ‘అంతర్’ అంటే లోపల, నడుమ. ‘ఆయ’ అంటే రావడం, ఆయవ్యయాలు అన్నప్పుడు చేతికి వచ్చే డబ్బును చెప్పే ఆయ కూడా ఇదే ధాతువు నుంచి పుట్టింది. రెండూ కలిస్తే నడుమ వచ్చి పడేది. (చిన్నప్పుడు మా క్లాసులో మాస్టారు ఈ మాటకు అర్థం రాయమంటే వెనక బెంచీ నుంచి ‘అంత రాయం మాస్టారూ’ అని వినిపించింది, ఆ తర్వాత వీపు మోత కూడా.)

నడుమ రావాలంటే ముందు ఏదో ఒకటి నడుస్తూ ఉండాలి కదా, తేడా అంతా అక్కడే ఉంది. కరెంటు వస్తూ వస్తూ పోయింది, కాసేపటికి మళ్ళీ వస్తుంది, అది అంతరాయం. దూరదర్శన్‌లో బొమ్మ ఆగిపోయి ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అని వచ్చేది గుర్తుందా, అక్కడ ‘ఆటంకానికి’ అని పెట్టి చూడండి, అతకదు. అదే లోను కాగితాల్లో ఏదో ఒకటి తక్కువై ఇల్లు మొదలే కాలేదనుకోండి, అప్పుడు ఆటంకం అనాలి, లేదా హాయిగా అడ్డంకి అనొచ్చు. అవరోధంలో ‘రోధం’ అంటే ఆపేయడం, అది ఇంకా గట్టిది, దారికి అడ్డంగా గోడ కట్టినట్టు. పతంజలి యోగసూత్రాల మొదటి పాదం 30వ సూత్రంలో జబ్బు, సందేహం, సోమరితనం వగైరా తొమ్మిదింటిని అంతరాయాలనే అన్నారు. సాధన చేసేవాడి మనసును చెదరగొట్టేవి అవి.

జోక్యం మాత్రం మనుషుల పని. వర్షం వల్ల మ్యాచ్‌కు అంతరాయం కలుగుతుంది, వర్షం జోక్యం చేసుకుంది అంటే నవ్వుతారు. అన్నదమ్ముల గొడవలో బావగారు కల్పించుకుంటే అది జోక్యం. ఆయన్ని ఎవరూ పిలవకపోతే పానకంలో పుడక.

‘మధ్యలో అంతరాయం కలిగింది’ అని రాస్తే, మధ్య అన్నది అంతరాయంలోనే ఉంది కాబట్టి రెండుసార్లు చెప్పినట్టే. అయినా ‘నట్టనడుమ’ అనే అలవాటున్న వాళ్ళం, మాట్లాడేటప్పుడు నేనైతే పట్టించుకోను, రాసేటప్పుడు మాత్రం ‘మధ్యలో’ తీసేస్తాను.

ఒక్క మాట, ఇది నోటీసుల భాష. నలుగురు మాట్లాడుకుంటున్నప్పుడు ‘అంతరాయం కలిగిస్తున్నందుకు క్షమించండి’ అని లేస్తే ఉపన్యాసం మొదలెట్టాడేమో అని టెన్షన్ పడతారు. ‘మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి’ చాలు.