పక్కింటి పిట్టగోడ మీద గంజాయి డబ్బాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు గంజాయి గురించే ఉన్నాయి. ఒకటి హన్మకొండ నుంచి, ఒకటి కాజీపేట నుంచి, ఇంకొకటి ఆసిఫాబాద్ వైపు నుంచి. అందుకే వేరే ప్రశ్నలన్నీ పక్కనపెట్టి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది హన్మకొండలో పాత కాలనీ. పిల్లలు చిన్నగున్నప్పటి నుంచి పక్కింటివాళ్లూ మేమూ ఒక్క ఇంటివాళ్లలా ఉంటున్నాం. ఆమె నన్ను అక్కా అంటుంది. భర్త పోయాక కొడుకే ఆమెకు దిక్కు. ఆ పిలగాడు ఇంజనీరింగ్ మధ్యలో ఆపేసి ఇంట్లోనే ఉంటున్నాడు. వానాకాలం మొదట్లో డాబా మీద పెయింట్ డబ్బాల్లో ఏవో మొక్కలు పెట్టాడు. టమాటలు అనుకున్నాను. ఇప్పుడు నడుమెత్తు పెరిగాయి. సాయంత్రమైతే ఘాటు వాసన మా వంటింట్లోకి వస్తోంది. మా అల్లుడు చూసి గంజాయి అన్నాడు. “పెద్దమ్మా, మీ వైపు ఎండ బాగా తగులుతుంది” అని రెండు డబ్బాలు మా పిట్టగోడ మీదే పెట్టాడు. చీకటి పడ్డాక బండ్ల మీద పోరగాళ్లు వస్తారు, ఏదో తీసుకుని ఐదు నిమిషాల్లో వెళ్లిపోతారు. మా మనవడు తొమ్మిదో తరగతి. వాడితో కూడా ఆ పిలగాడు దోస్తీగా మాట్లాడుతున్నాడు. ఆమెకు చెబితే తట్టుకోలేదు. పోలీసులకు చెబితే పిలగాడి బతుకు ఆగమవుతుంది. మా పేరు బయటికొస్తే కాలనీలో ఎట్లా ఉండాలి? మావారు “మనకెందుకు, ఊకో” అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక గృహిణి, హన్మకొండ

జవాబు: అమ్మా, ముందు మీవారి మాట సంగతి చూద్దాం. ఊరుకునే దశ దాటిపోయింది. ఆ రెండు డబ్బాలు మీ గోడ ఎక్కిన రోజే దాటింది. మత్తు పదార్థాల చట్టం, అంటే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 46వ సెక్షన్ ఉంది. తన భూమిలో ఎవరైనా గంజాయి మొక్కలు పెంచుతుంటే భూమి గలవాళ్లు వెంటనే పోలీసులకో ఎక్సైజ్ వాళ్లకో చెప్పాలి. తెలిసీ చెప్పకపోతే వాళ్లకూ శిక్ష ఉంటుంది. తన ఇంటినో స్థలాన్నో ఇలాంటి నేరానికి తెలిసి వాడుకోనిచ్చినవాళ్ల గురించి 25వ సెక్షన్ చెబుతుంది. పిట్టగోడ మీది డబ్బా వీటి కిందికి వస్తుందా రాదా అని కోర్టులో గంటలకొద్దీ వాదించవచ్చు. కానీ ఆ వాదన మీ కోసం చేయించుకునే అవసరం మీకు రాకూడదు.

ఆ డబ్బాలను మీరు మాత్రం ముట్టుకోకండి. పీకి మోరీలో పడేయాలనిపిస్తుంది. అలా చేస్తే మొక్క మీ చేతిలోకి వచ్చినట్టవుతుంది, ఆధారం పోతుంది, పిలగాడితో గొడవ మొదలవుతుంది. వాటిని అవతలి డాబా మీదికి నెట్టడం కూడా వద్దు. మీ డాబా మీద నిలబడి, మీ కంటికి కనిపించినంత వరకు ఫోన్‌లో రెండు మూడు ఫొటోలు తీసి పెట్టుకోండి. గోడ దాటి వెళ్లొద్దు. ఆ ఫొటోలు కాలనీ వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టొద్దు. గ్రూపులో పడిన అరగంటలో ఆ పిలగాడికి తెలుస్తుంది. ఒకవేళ అది గంజాయి కాకపోతే వాళ్ల పరువు తీసినందుకు మీరు జవాబు చెప్పుకోవాలి.

అల్లుడు చూసి చెప్పాడన్నారు. అయినా మీరూ ఒకసారి నిదానంగా చూడండి. మన పెరళ్లలో పెరిగే పుంటికూర జాతి గోగు ఆకు దూరం నుంచి చూస్తే గంజాయి ఆకులాగే ఉంటుంది. గోగుది ఒకే ఆకు, వేళ్లలా చీలి మొదట్లో కలిసి ఉంటుంది. గంజాయికి సన్నటి పొడవాటి ఆకులు ఐదో, ఏడో ఒకే చోట నుంచి విడివిడిగా వస్తాయి, అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. వావిలి ఆకులూ అలాగే విచ్చుకుంటాయి కానీ దానికి ఊదా రంగు పూలు పూస్తాయి. వానాకాలంలో పెట్టిన గంజాయి పగలు కురచవుతున్నకొద్దీ పూతకొస్తుంది. ఘాటు వాసన ఆ పూతదే. మీరు రాసిన కాలమూ వాసనా రెండూ దానికే సరిపోతున్నాయి. ఫోన్ చేసినప్పుడు మాత్రం “అది గంజాయే” అని తీర్పు చెప్పకండి. ఏం చూశారో, ఏ వాసన వచ్చిందో చెప్పండి. అదేమిటో తేల్చే పని ల్యాబ్‌ది. కావాలని, కక్షతో తప్పుడు సమాచారమిచ్చి సోదా చేయిస్తే 58వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. నిజాయితీగా చెప్పినవాళ్లు పొరబడితే ఆ సెక్షన్ వాళ్ల జోలికి రాదు.

ఇంట్లో నాలుగు మొక్కలు పెంచుకుంటే ఏం కాదని, కిలో లోపు ఉంటే కేసే ఉండదని పోరగాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. రెండూ అబద్ధమే. కిలో లెక్క దొరికిన గంజాయికి వర్తిస్తుంది. కిలో వరకు చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. చిన్న మొత్తానికి కూడా ఏడాది దాకా జైలు ఉంది. మొక్కను పెంచడం వేరే నేరం, 20వ సెక్షన్‌లో (ఎ) భాగం. దానికి పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఒక మొక్కా, వంద మొక్కలా అనే తేడా ఆ భాగంలో లేదు. “ఆకే కదా, పువ్వు రాలేదు” అన్న వాదన కూడా అక్కడ నిలవదు, ఎందుకంటే నిషేధం మొక్క మీదే ఉంది.

ఇక మీ మనసును తొలుస్తున్న ప్రశ్నకు వస్తాను. ముందు తల్లికి చెప్పాలా, ఫోన్ చేయాలా? పిలగాడు ఒక్కడే తాగుతూ, బయటివాళ్లెవరూ రాకుండా ఉండి ఉంటే, ముందు ఆమెను కూర్చోబెట్టుకుని మాట్లాడమనేదాన్ని. మీ ఉత్తరంలో బండ్ల మీద వచ్చేవాళ్లు ఉన్నారు. నాలుగు డబ్బాల్లో పండేది వాళ్లందరికీ సరిపోదు. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు కొండల నుంచి భద్రాచలం, ఖమ్మం, మహబూబాబాద్ మీదుగా రైళ్లలో, కార్లలో వచ్చే సరుకు మన దగ్గర ఎన్నిసార్లు పట్టుబడిందో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. మీ పక్కింటికీ బయటి సరుకు వస్తుండవచ్చు. అదే నిజమైతే ఆ పిలగాడి వెనక ఇంకెవరో ఉంటారు. మీరు ఈ రోజు తల్లికి చెబితే ఆమె ఏడ్చి కొడుకును నిలదీస్తుంది. ఏ తల్లైనా అదే చేస్తుంది. తెల్లారేసరికి డబ్బాలు మాయమవుతాయి, పెద్దమ్మ చెప్పిందని ఆ వెనకున్నవాళ్లకు తెలుస్తుంది, పొట్లాలు మాత్రం ఆగవు. అందుకే ఫోనే ముందు. ఇది ఆమెకు ద్రోహం అనుకోకండి. ఈ రోజు మొక్కలతో దొరికితే కొడుకు కోర్టు నుంచి ఇంటికి తిరిగొచ్చే దారి ఉంటుంది. బయటి సరుకు మూటలతో, ముఠాతో దొరికిన రోజు ఆ దారి చాలా ఇరుకవుతుంది. హన్మకొండ కోర్టు వరండాలో టిఫిన్ డబ్బాలు పట్టుకుని కొడుకుల కోసం నిలబడే తల్లులను చూస్తున్నదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఫోన్ 1908కి చేయండి. మన తెలంగాణలో మత్తు పదార్థాల కేసులు చూసే ఈగల్ విభాగం నంబర్ అది. కేంద్రం నడిపే మానస్ హెల్ప్‌లైన్ 1933 కూడా ఉంది. మీ ఇంటి ఫోన్ నుంచి కాకుండా మీ అల్లుడి చేత వేరే ఊరి నుంచి చేయించినా సరే. ఇంటి నంబర్, సందు గుర్తు, డాబా ఎటువైపు, ఎన్ని డబ్బాలు, మీ గోడ మీద ఉన్నవి ఎన్ని, అవి ఎలా వచ్చాయి, పోరగాళ్లు ఏ వేళకు వస్తారు... ఇవన్నీ చెప్పండి. మీ గోడ సంగతి దాచొద్దు, మిమ్మల్ని కాపాడేది అదే. ఫోన్ చేసిన తేదీ, సమయం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

పేరు బయటికొస్తుందన్న భయానికి చట్టంలోనే జవాబు ఉంది. నేరం గురించిన సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని అధికారిని ఎవరూ బలవంతం చేయలేరని 68వ సెక్షన్ అంటుంది. అడిగేది డిఫెన్స్ లాయరైనా సరే, ఆయన చెప్పనక్కర్లేదు. “మా ఇంటికి రావద్దు, మా పేరు రాయొద్దు, మమ్మల్ని పంచనామాకు పిలవొద్దు” అని మీరు ఫోన్‌లోనే చెప్పండి. సమాచారం ఇచ్చినవాళ్లే పంచ్‌గా, అంటే సోదాకు సాక్షిగా, సంతకం పెట్టడం కేసుకు కూడా మంచిది కాదు.

ఆ తర్వాత మీరు ఆమెకు అక్కగానే ఉండండి. ఆమె చేతిలో డబ్బు ఉండదు, లాయర్ ఎవరో తెలియదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. దొరికింది వాణిజ్య మొత్తం కాకపోతే 37వ సెక్షన్‌లోని కఠినమైన బెయిల్ షరతులు అడ్డురావు. కుర్రవాడి వయసు, పాత కేసులు లేకపోవడం, చికిత్సకు ఒప్పుకోవడం కోర్టు ముందు పెట్టవచ్చు. అలవాటు మాన్పించడానికి 14446కి ఫోన్ చేయవచ్చు, లేదా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్యుల ఓపీకి తీసుకెళ్లవచ్చు.

మనవడి విషయం దీనితో కలపకండి. పోలీసులు వచ్చేదాకా ఆగకుండా ఈ రోజే అడగండి, “అన్న నీకు ఏమైనా ఇచ్చాడా?” అని. అరవకుండా అడగండి. ఇచ్చాడని చెబితే కొట్టొద్దు, వాడు మళ్లీ చెప్పకుండా పోతాడు. ఫోన్ గురించి మాత్రం వాడికి తెలియనివ్వకండి. ఆ వయసు పిల్లల కడుపులో మాట దాగదు.

ప్రశ్న: కాజీపేటలో మాకు పై పోర్షన్ ఉంది. నలుగురు స్టూడెంట్లకు కిరాయికిచ్చాం. కిటికీలో చిన్న కుండీలు, గదిలో ఎర్ర లైట్లు పెట్టారు. గంజాయి అని అనుమానం. పోలీసులొస్తే ఓనర్‌ని కూడా పట్టుకుపోతారా? ఈ రాత్రికే సామాన్లు బయట పడేస్తే పీడ పోతుందా?

జవాబు: పైన చెప్పిన 25వ సెక్షన్‌లోని “తెలిసి” అన్న మాటే మీకు రక్ష, అదే మీకు ప్రమాదం కూడా. తెలియకుండా కిరాయికిచ్చిన ఓనర్‌ను 25వ సెక్షన్ పట్టుకోదు. నాకు ఉత్తరం రాశారంటే మీకు అనుమానం మొదలైంది, ఇకపై “నాకేం తెలియదు” అనడం కష్టం. ఈ రోజే 1908కి చెప్పండి. కిరాయి అగ్రిమెంట్, ఆ నలుగురి ఆధార్ కాపీలు, కిరాయి అందిన ఫోన్‌పే వివరాలు ఒకచోట పెట్టుకోండి. అగ్రిమెంట్ లేకపోతే ఇప్పుడు పాత తేదీ వేసి రాయించుకోకండి, అదే కొత్త కేసవుతుంది. సామాన్లు బయట పడేయడం, తాళం వేయడం రెండూ తప్పే. పైగా ఆ సామాన్లలో ఏమున్నా మీ చేతుల మీదుగా పోయినట్టవుతుంది.

ప్రశ్న: మాది ఆసిఫాబాద్ దగ్గర ఊరు. నాలుగెకరాలు కౌలుకిచ్చి నేను కాగజ్‌నగర్‌లో పని చేస్తున్న. పత్తి సాళ్ల నడుమ గంజాయి పెట్టిండని మా తమ్ముడు ఫోన్ చేసిండు. పట్టా నా పేరు మీదే ఉన్నది. కౌలుదారు మా దగ్గరి చుట్టం.

జవాబు: తమ్ముడూ, 46వ సెక్షన్ నీలాంటి పట్టాదారు గురించే రాసింది. కౌలుకిచ్చానన్న మాట ఒక్కటే నిన్ను కాపాడదు. ముందు 1908కి ఫోన్ చెయ్యి. తర్వాత ఎక్సైజ్ స్టేషన్‌కో పోలీస్ స్టేషన్‌కో పోయి సర్వే నంబర్, కౌలుదారు పేరు, నీకు ఏ రోజు ఎవరి ద్వారా తెలిసిందో రాసివ్వు. ఇచ్చిన కాగితానికి కాపీ మీద స్టాంపు వేయించుకో. అది నీ దగ్గర లేకపోతే రేపు “ముందే చెప్పిన” అన్నా ఎవరూ నమ్మరు. మొక్కలను నువ్వే పోయి పీకొద్దు, తమ్ముణ్ణి ఒక్కణ్ణే చేనుకు పంపొద్దు. ఇలాంటి సాగు తెలిస్తే గ్రామాధికారులూ పంచాయతీవాళ్లూ చెప్పి తీరాలని 47వ సెక్షన్ ఉంది కాబట్టి సర్పంచ్‌కు కూడా ఒక కాపీ ఇవ్వు. చుట్టానికి ముందుగా ఫోన్ చేయాలనిపిస్తుంది, చేయకు. ఆయన మీద కేసయ్యాక లాయర్ కోసం ఆ ఇంటివాళ్లకు కూడా పైన రాసిన 15100 నంబరే చెప్పు.