సమాధానం: బాల్కనీలో కడ్డీలు పైనా, కిందా?

మేడమ్, మీ మూడో ఏడాది ఆర్కిటెక్చర్ విద్యార్థులు సూత్రాలన్నీ అప్పజెబుతున్నా, బాల్కనీ గీయమంటే కాంక్రీటు లోపలి ప్రధాన ఉక్కు కడ్డీలను అడుగున పెడుతున్నారని రాశారు. నా క్లాసులోనూ ఏటా ఇదే తంతు. సూత్రాలను రెండు వారాలు అటకెక్కించండి.

పరుపుల దుకాణం నుంచి మూరెడు స్పాంజి ముక్క తెచ్చి, దాని పక్కవైపు స్కెచ్ పెన్నుతో నిలువు గీతలు గీయండి. రెండు పుస్తకాల మీద ఆనించి మధ్యలో నొక్కితే గీతలు కింద దూరమవుతాయి, పైన దగ్గరవుతాయి. అదే ముక్కను ఒక చివర బల్లకు అదిమిపట్టి, రెండో చివర నొక్కితే పైన దూరమవుతాయి. బాల్కనీ ఇలాంటిదే. గీతలు ఎక్కడ దూరమైతే అక్కడ కడ్డీ. కాంక్రీటు నొక్కుడును ఓర్చుకుంటుంది. లాగితే అందులో పదో వంతు బలం కూడా కష్టమే.

తర్వాత కాంక్రీటు నిర్మాణాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456లోని మూడు అంకెలు చాలు: 7, 20, 26. పొడవును ఎఫెక్టివ్ డెప్త్‌తో (నొక్కుడు పడే అంచు నుంచి లాగుడు కడ్డీల మధ్య వరకు ఉన్న లోతుతో) భాగిస్తే, సవరణలకు ముందు, మించకూడని నిష్పత్తులివి. కాంటిలీవర్‌కు, అంటే బాల్కనీలా ఒక చివరే బిగించినదానికి, 7, రెండు చివరలా ఊరికే ఆనినదానికి 20, ఆధారాల మీదుగా ఆగకుండా సాగేదానికి 26. 1.5 మీటర్ల బాల్కనీకి సుమారు 214 మి.మీ. లోతు వస్తుంది. కడ్డీల మోతాదు వంటివాటిని బట్టి వాడే సవరణ గుణకాలతో ఇది తగ్గవచ్చు, నిజమే, కానీ 100 మి.మీ. గీసిన కుర్రాడు అక్కడే ఆగి ఆలోచిస్తాడు.

వీలైతే స్లాబు పోసే రోజు సైటుకు తీసుకెళ్లండి. చైర్లు (పై కడ్డీలను ఎత్తి నిలిపే వంచిన కడ్డీ ముక్కలు) లేనిచోట మేస్త్రీ కాలు పడి పై కడ్డీలు ఎలా కిందికి దిగిపోతాయో చూపించండి.