నొప్పి గోలీకి ముందు నీ పళ్లెం దిక్కు సూడు

బిడ్డా,

సీఆర్‌పీ, అంటే ఒంట్ల వాపు ఎంతున్నదో సూపే రక్తపరీక్ష, ఎక్కువొచ్చిందని నువ్వు పంపిన రిపోర్టు సూసిన. మొన్నటిదాకా జలుబుతోని ముక్కు చీదుకుంట తిరిగినవట గద, మీ అమ్మ చెప్పింది. అసువంటప్పుడు తీసిన రక్తం లెక్కకు రాదు. హైసెన్సిటివ్ సీఆర్‌పీ (సన్న వాపును గూడ పట్టే పరీక్ష) లీటరుకు 1 మిల్లీగ్రాం లోపుంటే మంచిది, 3 దాటితే గుండెకు ముప్పు ఎక్కువ, 10 దాటితే ముందుగాల ఇన్‌ఫెక్షన్ ఉన్నదేమో దేవులాడాలె. ల్యాబుల పనిచేసినన్నేండ్లు అందరికీ ఇదే చెప్పిన. జలుబు పూరా తగ్గి రెండు వారాలైనంక మళ్లొకపారి చేయించు.

వేలు తెగితే ఎర్రగైతది, ఉబ్బుతది. వాపంటే అదే, ఒళ్లు మరమ్మతు చేసుకునుడు, పుండు మానంగనే ఆగాలె. ఆగకుంట లోలోపల సన్నగ ఏండ్లకేండ్లు నడిస్తేనే రక్తనాళాలు ఖరాబైతయ్, షుగరొస్తది. దాన్ని ఎగదోసే వాటిల్ల పెద్దది పొట్టకొవ్వు. వాపు పెంచే రసాయనాలను అది రక్తంలకు వదులుతనే ఉంటది. నీ ప్యాంటు నడుము కాడ బిగుసుకుంటున్నదా? అదీ ఒక రిపోర్టే.

పసుపు గోలీల డబ్బా కొన్ననన్నవ్. వాపు తగ్గిస్తదని చెప్పే కర్కుమిన్ పసుపుల ఉండేదే నూటికి మూడు పాళ్లు అటిటు, అండ్ల ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. మిరియాలు, నూనె తోడైతే జర పడుతది, దానికి కూరల వేసుకునే పసుపు చాలు. డోసు ఎక్కువున్న గోలీలు మింగి లివరు చెడగొట్టుకున్నోళ్లున్నరు. పక్కకు పెట్టు.

నాకు కోపమొచ్చేది నీ పొద్దుమీకి తిండి మీద. బజ్జీల బండి కాడ కడాయిల నూనె ఎప్పుడన్నా సూసినవా? నల్లగ, జిగటగ ఉంటది, మిర్చి ఏయంగనే అంచుదాకా నురుగొస్తది. నిన్నటి నూనెలనే ఇయ్యాల్టిది పోస్తరు. పదేపదే కాగిన నూనె ఒంటికి మంట పెట్టేదే. బజ్జీ తినాలనిపిస్తే ఇంట్ల కొత్త నూనెల చేసుకో. దాని మీద తాగే కూల్‌డ్రింకు, 250 మిల్లీలీటర్ల సీసాల సుమారు 25 గ్రాముల చక్కెరుంటది. దినానికి అంతకు మించకుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థనే అంటున్నది.

మాపటికి జొన్నరొట్టె, పుంటికూర పప్పు తిను. జొన్నల పీచును పేగులల్ల ఉన్న బ్యాక్టీరియా తిని తయారుచేసే ఆమ్లాలు వాపును తగ్గిస్తయ్. రొట్టె చేసుడు రాదనకు. మసిలే నీళ్లు పిండిల పోసి, చెయ్యి ఓర్చుకునేంత వేడి మీదనే మెత్తగ పిసుకు, చల్లారితే అంచులు పగులుతయ్. అవిసెలు దోరగ ఏంచి, ఎండుమిర్చి, ఎల్లిగడ్డ, ఉప్పేసి పొడి కొట్టుకో. గింజలు అట్లనే మింగితే అట్లనే బయటకొస్తయ్. పొడి తొందరగ ముక్కిపోతది గనుక వారానికి సరిపడనే చెయ్యి.

తిన్నంక మంచం ఎక్కకు, పావుగంట తిరుగు. భద్రకాళి చెరువు బండు దగ్గర్లనే ఉన్నది, వారానికి 150 నిమిషాలు నడిస్తే చాలు. ఫోన్ బందు చేసి టైముకు పండుకో, నిద్ర తక్కువైనా ఒంట్ల వాపు పెరుగుతది. సిగరెట్ల ముచ్చట మీ బాపుకు చెప్పలే. అది మానకుంట ఎన్ని అవిసెలు తిన్నా దండుగ.

ఒక్క విషయంల మాత్రం తిండిని నమ్ముకోని కూసోకు. పొద్దుగాల లేవంగనే వేళ్లు అరగంటకు మించి బిగుసుకపోయి, కీళ్లు ఉబ్బినయంటే కీళ్లవాతం డాక్టరుకు చూపించుకో. ఆలస్యమైతే కీలు వంకరపోతది, మళ్ల సక్కగ కాదు. నొప్పి గోలీలతోని నెట్టుకరాకు.

మీ పెద్దబాపు,
జమ్మికుంట