కథ రాయకండి, కట్‌లు లెక్కపెట్టండి

సినిమా చదువుపై పాఠకుల ప్రశ్నలు. జవాబులు: ఎడిటింగ్, సౌండ్ పాఠాలు చెప్పే మా బృందం

ప్రశ్న: మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో సగం మార్కులు సినిమా విమర్శ వ్యాసానికి, సగం అయిదు నిమిషాల షార్ట్ ఫిల్మ్‌కి. నేనేం రాసినా ‘ఇది కథ చెప్పడమే, విమర్శ కాదు’ అని తిరిగిచ్చేస్తున్నారు. పైగా ఈ రెంటికీ సంబంధమేమిటో అర్థం కావడం లేదు.
– విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండున్నర గంటల సినిమా మొత్తం మీద రాయబోతే కథ తప్ప ఏమీ మిగలదు. మూడు నిమిషాల సన్నివేశం ఒక్కటి తీసుకోండి. ముందు సౌండ్ తీసేసి చూడండి, తర్వాత బొమ్మ చూడకుండా వినండి. మూడోసారి నోట్‌బుక్‌లో గళ్లు గీసి షాట్‌కొక వరస రాయండి (ఒక కట్ నుంచి తర్వాతి కట్ దాకా ఉన్న ముక్కే షాట్): నంబరు, ఎన్ని సెకన్లు, క్లోజా (మొహం దాకానే) మిడ్డా (నడుం దాకా) లాంగా (దూరంనుంచి మొత్తం మనిషి), కెమెరా కదిలిందా, ఆ సమయంలో ఏం వినబడింది. 180 సెకన్లలో 45 షాట్లుంటే సగటున ఒక్కోటి 4 సెకన్లు. ఆ సగటుతో పెద్దగా పనిలేదు, అది తప్పిన చోటే అసలు సంగతి ఉంటుంది. మూడు నాలుగు సెకన్లకోసారి కట్ అవుతూ వచ్చిన సీన్, అప్పు అడగడానికొచ్చిన తమ్ముడి మొహం మీద 14 సెకన్లు నిలబడిపోయిందనుకోండి. అంతసేపూ అన్న మాటలు తెర బయటినుంచే వినబడ్డాయా? అయితే దర్శకుడు మాట్లాడేవాణ్ణి వదిలేసి వినేవాణ్ణి చూపించాడు. మీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి. ‘స్లోగా ఉంది’, ‘నటన సహజంగా ఉంది’ అనేవి తీర్పులు. తీర్పు చెప్పండి, కానీ సాక్ష్యం చూపించాక చెప్పండి.

ఇక సంబంధం సంగతి. అదే అన్నదమ్ముల సీన్‌ని మీ మేడమెట్ల మీద తీయండి. నటులుగా క్లాసువాళ్లు చాలు. సీన్ మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు తీయాలి: ఇద్దరూ కనబడేలా ఒకసారి, అన్న మీద ఒకసారి, తమ్ముడి మీద ఒకసారి. ఇద్దరి మధ్యా ఒక గీత ఉందనుకుని కెమెరాను ఎప్పుడూ దానికి ఒకే పక్కన ఉంచండి. దాటితే ఇద్దరూ ఎదురెదురుగా కాక ఒకే దిక్కు చూస్తున్నట్టు వస్తుంది. టీ గ్లాసును మొదటి టేకులో ఏ మాట దగ్గర, ఏ చేత్తో ఎత్తారో మిగతా వాటిలోనూ అలాగే ఎత్తాలి, లేదంటే కట్ అతకదు. కొత్తవాళ్ల ఫుటేజీ చాలావరకు ఇక్కడే చెడుతుంది.

ఆ ఫుటేజీతోనే రెండు ఎడిట్‌లు చేయండి. మొదటిదాంట్లో ఎవరు మాట్లాడితే వాళ్ల మొహం, రెండోదాంట్లో వినేవాళ్ల మొహం. డైలాగు అక్షరం మారదు, మన జాలి మాత్రం పక్షం మారుస్తుంది. సుమారు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒకే నటుడి మొహాన్ని సూప్ గిన్నె పక్కన, శవపేటిక పక్కన అతికించి, అదే మొహంలో ఒకచోట ఆకలి, ఒకచోట దుఃఖం కనబడేలా చేసిన కిటుకు కూడా ఇలాంటిదే. మీ రెండు ఎడిట్‌ల తేడాను ఒక పేజీలో రాసి వ్యాసానికి జోడించండి. దాన్ని ‘కథ’ అని ఎవరూ అనలేరు.

ప్రశ్న: హాస్టల్ గదిలో ఫోన్‌తో తీస్తే బొమ్మ మీద చారలు పాకుతున్నాయి. విడిగా రికార్డు చేసిన సౌండ్ కలిపితే పోనుపోను పెదవులకీ మాటకీ పొంతన తప్పుతోంది. ఫోన్ పాడైందా?
– విద్యార్థి, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ఫోన్ బాగానే ఉంది, ఆటో మోడే మీ శత్రువు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంటాయి. షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) 1/60 సెకను లాంటి చోటికి వెళ్తే ఆ లయ తప్పి చారలొస్తాయి. ప్రో మోడ్‌లో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టి లాక్ చేయండి. 25 లేకపోతే 30 ఉంచినా ఫర్వాలేదు, షట్టర్ మాత్రం 1/50 లేదా 1/100. అప్పటికీ చారలు పోకపోతే బల్బు మార్చాల్సిందే. వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకు తగ్గట్టు బొమ్మ రంగులు సరిచేసే సెట్టింగ్) కూడా లాక్ చేయండి. కిటికీ వెలుగూ పసుపు బల్బూ కలిసి పడి ఒక చెంప నీలంగా, ఒకటి పసుపుగా వస్తే ఏ లాకూ కాపాడదు. రెంటిలో ఒకటి ఆపేయండి.

పెదవులకీ మాటకీ పొంతన తప్పడానికి కారణం వేరు. వెలుగు తగ్గినా, ఒళ్లు వేడెక్కినా ఫోన్ తనంతట తాను ఫ్రేముల వేగం మార్చేస్తుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని ఫైళ్లన్నీ మార్చుకోండి. ఈ పని ఎడిటింగ్ మొదలెట్టకముందే కావాలి.

ప్రశ్న: బీసెంట్ రోడ్డులో తీసిన డైలాగులు రద్దీలో కలిసిపోయాయి. శబ్దం తీసేసే మంచి యాప్ చెప్పండి.
– విద్యార్థి బృందం, విజయవాడ

జవాబు: యాప్‌తో రద్దీ తగ్గుతుంది, దాంతోపాటు గొంతూ డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. మైకుకీ నోటికీ దూరం రెట్టింపైతే మాట సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, ఆటోల హారన్ మాత్రం అలాగే ఉంటుంది. అందుకే కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. చున్నీ రాసుకోకుండా టేపు వేయండి. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తూ, గట్టి మాటలు రికార్డింగ్ మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. వినడానికి వైరున్న హెడ్‌ఫోన్సే వాడండి, బ్లూటూత్ ఆలస్యంగా వినిపిస్తుంది.

గదిలో తీసేటప్పుడు ఫ్యాన్ ఆపాలి. మే నెల విజయవాడలో నటులు తిట్టుకుంటారు, టేకుకీ టేకుకీ మధ్య వేయండి. అందరూ కదలకుండా నిలబడి ఖాళీ గది శబ్దాన్ని 30 సెకన్లు పట్టుకోవడం మరవొద్దు. కట్‌ల దగ్గర టక్కున పుట్టే నిశ్శబ్దాన్ని నింపేది అదే. రోడ్డు సీన్‌కి నటుల్ని వెనకనుంచి లాంగ్‌లో తీసి, డైలాగును అప్పటికప్పుడే పక్క సందులో చెప్పించి రికార్డు చేసుకోండి. పెదవులు కనబడవు కాబట్టి అతుకు తెలియదు.

ప్రశ్న: ఉండవల్లి గుహల దగ్గర తీసి, వెనక ఒక హిట్ పాట పెట్టాలనుకుంటున్నాం. ఇబ్బందేమైనా ఉందా?
– విద్యార్థి, గుంటూరు

జవాబు: రెండూ ఇబ్బందే. గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. చేతిలో ఉన్నది ఫోనే కదా అనుకోకుండా ముందే రాతపూర్వకంగా అనుమతి అడగండి. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విమర్శ, సమీక్షల కోసం న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది. అంటే మీరు చర్చించే సీన్ ముక్కను వీడియో వ్యాసంలో చూపించి, యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడినా ఎదురు వాదించుకోవచ్చు. మూడ్ కోసం షార్ట్ ఫిల్మ్‌లో పెట్టిన పాటకు ఆ వాదన నిలవదు. సంగీతం నేర్చుకుంటున్న స్నేహితుల చేత సొంత బాణీ వాయించుకుని, వాడుకునేందుకు ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం తీసుకోండి. హిట్ పాటనే వాళ్ల వేణువు మీద వాయించినా ఆ బాణీ హక్కు మాత్రం అసలు వాళ్లదే.